ఎనిమిదేళ్ళు హోటల్ కిచెన్‌లో చేశాక ఏం చేయాలి: కర్రీ పాయింటా, హాస్టల్ మెస్సా, గల్ఫా?

అడిగిన విషయం క్లుప్తంగా: హన్మకొండలో ఒక హోటల్లో గ్రేవీ సెక్షన్ మాస్టర్, వయసు 34, ఎనిమిదేళ్ళ సర్వీసు. బ్రేక్ షిఫ్టుతో (నడుమ విరామమిచ్చి రెండు పూటలా చేయించే డ్యూటీ), రాత్రి పన్నెండింటికి ఇల్లు చేరుడుతో, కిచెన్ అరుపులతో విసిగిపోయిండు. పై మూడింట్లో ఏది మేలని ప్రశ్న.

తమ్మీ, మూడింట్లో ఏది పట్టినా ముందు ఒక పని ఉంది. నీ చేతి అందాజును కాగితం మీదికి దించు. హోటల్లో అందాజే హోదా. మసాలా లెక్క ఎవరికీ చెప్పని మాస్టర్‌కే జీతం పెరుగుతది, ఆయన మానేస్తే హెల్పర్ల బ్యాచ్ మొత్తం వెనకే పోతది, ఓనర్ భయమంతా దానికే. అదే అందాజు సొంత దుకాణంలో జేబుకు చిల్లు.

ఒక నెల పాటు చేసే ప్రతి వంటకూ మూడు తూకాలు రాసుకో: పచ్చి సరుకు, కోసి శుభ్రం చేశాక, వండినాక. కిలో ఉల్లిగడ్డ బిరిస్తాకు (ఎర్రగ కరకరలాడేటట్టు) వేయిస్తే పావు కిలో దాటుడు కష్టం. కిలో స్కిన్‌లెస్ చికెన్ ఉడికినాక ముక్క 700–750 గ్రాముల దగ్గర తేలుతది. కిలో బియ్యానికి అన్నం రెండున్నర నుంచి మూడు కిలోలు. ఈ లెక్క లేకుండా ప్యాకెట్ రేటు పెట్టేటోళ్ళు పక్క దుకాణం రేటు చూసి పెడతరు, ఆ పక్కాయనా ఇంకొకర్ని చూసే పెట్టి ఉంటడు.

కర్రీ పాయింట్‌లో నష్టం ఎక్కడ మొదలైతదో చూడు. 250 గ్రాముల ప్యాకెట్‌లో హెల్పర్ చేతి నుంచి 30 గ్రాములు ఎక్కువ పడ్డదనుకో. రోజుకు 150 ప్యాకెట్లంటే నాలుగున్నర కిలోల కూర, అంటే 18 ప్యాకెట్లు ఊరికే పోయినట్టు. హెల్పర్‌ను తిడితే అది ఆగదు. గరిటె మార్చాలె. రెండు గరిటెలకు సరిగ్గా ప్యాకెట్ నిండే కొలత గరిటె ఒకటి పెట్టి, అంచు దాకా నింపి గీకి వేయించు. పప్పుకు సరిపోయిన గరిటె చికెన్‌కు సరిపోదు, ముక్కల కూరలు కాంటా మీదనే వేయాలె. మొదట్లో ఆరు కూరలు చాలు. పద్నాలుగు రకాలు పెడితే రాత్రి తొమ్మిదింటికి పద్నాలుగు గంజుల్లోనూ అడుగున తలా కిలో మిగులుతది.

నయీంనగర్, కాకతీయ యూనివర్సిటీ దిక్కు రూముల పిల్లలను నమ్ముకుంటే దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో గిరాకీ పడిపోతది, కిరాయి మాత్రం ఆగదు. సంవత్సరానికి పది నెలల అమ్మకమే అనుకొని లెక్క వేయి. ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, 19 కిలోల కమర్షియల్ సిలిండర్, ఇవి తప్పవు. ఇంటి సిలిండర్ వాడితే ఒక్క తనిఖీతో అయిపోతది.

రంగు గురించి ఒక మాట. హోటల్లో అలవాటైన రంగు డబ్బాను అక్కడే వదిలిపెట్టు, కూరల్లో సింథటిక్ రంగుకు అనుమతి లేదు. రంగు కోసమైతే మన వరంగల్ చపాటా మిర్చి ఉంది, జీఐ గుర్తింపు (ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకని ఇచ్చేది) కూడా వచ్చింది. కారం తక్కువ, ఎరుపు ఎక్కువ. రెండు పాళ్ళు చపాటాకు ఒక వంతు తేజ రకం మిర్చి కలిపి పట్టిస్తే గ్రేవీకి రంగూ కారమూ రెండూ వస్తయి.

మెస్ కాంట్రాక్ట్ చూడటానికి తేలిక, దిగితే లోతు. నాలుగు ప్లేట్లకు చేసిన లెక్కను యాభైతో గుణిస్తే 200 మంది వంట కాదు. లోతు గంజులో పైభాగం తక్కువ, ఆవిరి తక్కువ పోతది, అందుకే నీళ్ళు గుణకారం కంటే తగ్గించి పోయాలె. 20 కిలోల చికెన్‌కు మొదట నీళ్ళే వద్దు, అది వదిలే నీరు చూసి తర్వాత పోయి. మంట ఆపినా అంత కూర లోపలి వేడికి ఉడుకుతనే ఉంటది, ముక్క కొంచెం గట్టిగ ఉన్నప్పుడే దించు. ఉప్పు, మిర్చిపొడి, గరం మసాలా ముప్పావు వంతు వేసి రుచి చూసి మిగతాది వేయి.

ఇంతకంటే పెద్ద ప్రమాదం మిగిలిన సాంబారు. 20 లీటర్ల గంజు మూతపెట్టి వదిలేస్తే నడుమ భాగం తెల్లారేదాకా గోరువెచ్చగనే ఉంటది, బ్యాక్టీరియాకు కావలసింది అదే. మళ్ళీ మరిగిస్తే పోతదనుకుంటరు, కానీ కొన్ని బ్యాక్టీరియాలు వదిలిన విషం మరిగినా పోదు. ఉంచక తప్పదంటే రెండు మూడు అంగుళాల లోతు ట్రేలల్లో పోసి, కింద ఐసు నీళ్ళు పెట్టి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఇంకో నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు దించాలె. వడ్డించేదాకా వేడిగ ఉంచేదైతే 60 డిగ్రీల పైన ఉండాలె. ప్రోబ్ థర్మామీటర్ (కూరలో గుచ్చి వేడి చూసేది) ఒకటి కొనుక్కో, వేలు ముంచి చూసుడు మానేయి.

పైసల సంగతి. 200 మంది పిల్లలు, తలకు రోజుకు 90 రూపాయలు అనుకుందాం. రోజుకు 18,000. బిల్లు 45 రోజులకు వస్తే 8,10,000 రూపాయల వ్యాపారం నీ చేతి పెట్టుబడితో నడవాలె. పైగా శనివారం రాత్రి సగం మంది ఊర్లకు పోతరు. కనీసం ఎంతమందికి బిల్లు కడతరో, పైసలు ఎన్ని రోజులకు ఇస్తరో కాగితం మీద లేకపోతే సంతకం పెట్టకు.

గల్ఫ్ అయితే వీసాలో రెస్టారెంట్ కుక్ అని ఉందా, హౌస్ కుక్ అని ఉందా చూడు. రెండోది ఇంటి పని కింద లెక్క, నియమాలే వేరు. విదేశీ కొలువులు చూపించే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు అడుగు. రిజిస్టర్డ్ ఏజెంట్ సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించొద్దు.

నన్నడిగితే, ముందు ఏడాది రెండేళ్ళు ఆసుపత్రి కిచెన్‌లోనో కాలేజీ కిచెన్‌లోనో జీతానికి చేరు. కాంట్రాక్టు కాదు, కొలువే. ఇండెంట్ (కావలసిన సరుకు చీటీ) రాసుడు, పెద్ద గంజు వంట, స్టోర్ లెక్క వేరొకరి పైసల మీద నేర్చుకుంటవు. జీతం కొంచెం తగ్గుతది, రాత్రి నిద్ర దొరుకుతది. కర్రీ పాయింట్ ఆ తర్వాత.

అరుపులు అక్కడా ఉంటయి. మీ హోటల్‌నే చూడు, రాత్రి ఎనిమిదిన్నరకు పది కేఓటీలు (కిచెన్‌కు వచ్చే ఆర్డరు చీటీలు) పడ్డప్పుడు అల్లం వెల్లుల్లి పేస్టు అయిపోతే హెల్పర్ మీద అరుస్తరు, కానీ తప్పు సాయంత్రం నాలుగింటికే జరిగింది. ప్రెప్ లిస్టు (ముందే సిద్ధం చేసుకోవలసినవాటి పట్టిక) గోడకు అంటించి, ఆరింటికి ఒకరు టిక్కు పెట్టి, కేఓటీలు ఒక్కరే చదివితే సగం గొంతులు తగ్గుతయి. నీ కింద పిల్లలు పనిచేసినప్పుడు ఇది నీ చేతిలో పని.

మానేసేటప్పుడు పెళ్ళి ముహూర్తాల నడుమ చెప్పకు, అడ్వాన్స్ ఉంటే ముందే తెంపుకో. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఉత్త కుక్ అని కాకుండా సెక్షన్, హోదా, తేదీలు రాయించుకో. ఐదేళ్ళు దాటింది కాబట్టి గ్రాట్యుటీ అడుగు: బేసిక్, డీఏ కలిపి 15,000 అయితే, దాన్ని 15తో గుణించి 26తో భాగించి 8 ఏళ్ళతో గుణిస్తే సుమారు 69,230 రూపాయలు. పీఎఫ్ పెన్షన్‌కు పదేళ్ళ సర్వీసు కావాలె, నీకు రెండే తక్కువ. కొత్త కొలువులో పీఎఫ్ ఉంటే అదే యూఏఎన్‌కు (నీ పీఎఫ్ నంబరు) బదిలీ చేయించు. సొంతంగ దిగితే పెన్షన్ పైసలు తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ (పాత సర్వీసు లెక్కను నిలిపే కాగితం) తీసిపెట్టుకో.