పాఠకుల ప్రశ్నలు: విండోస్ పక్కనే డెబియన్

ప్రశ్న: మా ఇంట్లో 2016లో కొన్న ల్యాప్‌టాప్ ఉంది. ఆరో తరం కోర్ ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్‌డిస్క్. విండోస్ 11 దీనిలోకి ఎక్కదంటున్నారు. విండోస్ 10ను, డి డ్రైవ్‌లోని కుటుంబ ఫొటోలను కదిలించకుండా పక్కనే డెబియన్ లైనక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవాలని కూర్చున్నాను. డిస్క్ విభజన (పార్టిషన్లుగా ముక్కలు చేయడం) దగ్గరికి వచ్చేసరికి ‘గైడెడ్’, ‘మాన్యువల్’ అని రెండు దారులు కనిపించాయి. ఏది నొక్కితే ఏం పోతుందో తెలియక ఆపేశాను. ఎలా ముందుకు వెళ్లాలి?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి మీ ఆలోచన సమయానికే వచ్చింది. ఆగినచోటు కూడా సరైనదే. ఇన్‌స్టాలేషన్ మొత్తంలో భాష, ఊరు, పేరు, పాస్‌వర్డ్ వంటి ప్రశ్నలకు తప్పు జవాబు ఇచ్చినా తరువాత దిద్దుకోవచ్చు. దిద్దుకోలేనిది విభజన ఒక్కటే. ‘గైడెడ్’లో ‘డిస్క్ మొత్తం వాడు’ అన్న ఎంపిక ఉంటుంది. దానికి ఒప్పుకుంటే విండోస్‌తో పాటు మీ ఫొటోలు కూడా పోతాయి. ఖాళీ స్థలాన్ని మాత్రమే వాడుకునే గైడెడ్ ఎంపిక కూడా కొన్నిసార్లు కనిపిస్తుంది గాని, ఉన్న వ్యవస్థను కాపాడుకుంటూ కొత్తది వేసుకునేవారు ‘మాన్యువల్’నే ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఏ ముక్క దేనికో మీరే చెబుతారు కనుక, ఏది చెరుగుతుందో కూడా మీకే తెలిసి ఉంటుంది.

అయితే ఆ తెరకు చేరకముందే విండోస్‌లో చేయవలసిన పనులున్నాయి. మొదట ఫొటోలను వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కాపీ అయినవి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. తరువాత ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’ తెరిచి ‘బయాస్ మోడ్’ అన్న వరుసలో ‘యూఈఎఫ్ఐ’ అని ఉందో ‘లెగసీ’ అని ఉందో రాసిపెట్టుకోండి. ఇవి కంప్యూటర్ బూట్ అయ్యే కొత్త, పాత పద్ధతులు. మన దగ్గర విండోస్ లేకుండా ల్యాప్‌టాప్ కొని దుకాణంలో వేయించుకున్నవారికి యూఈఎఫ్ఐ యంత్రంలోనూ లెగసీ పద్ధతిలో వేసిన విండోస్ తరచు కనిపిస్తుంది. విండోస్ ఏ పద్ధతిలో నడుస్తోందో డెబియన్ పెన్‌డ్రైవ్‌ను కూడా అదే పద్ధతిలో బూట్ చేయాలి. లేకపోతే రెండూ విడివిడిగా బాగానే నడిచినా ఒకే మెనూలోకి రావు. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే ‘బిట్‌లాకర్’ గాని ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ గాని ఆన్‌లో ఉంటే, 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోవడం తప్పనిసరి. పవర్ ఆప్షన్స్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ను ఆపేయండి. అది ఆన్‌లో ఉన్నంతకాలం, షట్‌డౌన్ చేసినా విండోస్ తన స్థితిలో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచి ఉంచుతుంది. అలాంటప్పుడు లైనక్స్ నుంచి ఆ డ్రైవ్‌లను చదవగలరు గాని సాధారణంగా రాయలేరు.

ఖాళీ స్థలాన్ని కూడా విండోస్‌లోనే తయారుచేయండి. డెబియన్ ఇన్‌స్టాలర్‌లో చేసే చాలా మార్పులు చివరి అంగీకారం ఇచ్చేదాకా డిస్క్ మీద పడవు గాని, ఉన్న పార్టిషన్‌ను కుదించే పని మాత్రం అప్పటికప్పుడే జరిగిపోతుంది, వెనక్కి తీసుకోవడానికి వీలుండదు. అందువల్ల ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో డి డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి, ‘ష్రింక్ వాల్యూమ్’ ద్వారా ఒక 100 జీబీ వదిలించండి. సి డ్రైవ్‌లో కదలని ఫైళ్లు ఉంటాయి కాబట్టి అది అడిగినంత కుదరకపోవచ్చు. వదిలిన స్థలంలో అక్కడే కొత్త వాల్యూమ్ సృష్టించకండి, ‘అన్‌అలొకేటెడ్’గానే ఉండనివ్వండి. మీది లెగసీ పద్ధతైతే పాత తరహా పార్టిషన్ పట్టికలో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకు మించి పట్టవు. నాలుగూ నిండి ఉండగా ఐదోది చేయబోతే విండోస్ ‘డైనమిక్ డిస్క్’గా మారుస్తానంటుంది. ఒప్పుకోకండి, ఆ మార్పు ఈ పనిని మరింత చిక్కులో పడేస్తుంది.

ఇన్‌స్టాలర్ ఫైలును డెబియన్ అధికారిక సైట్ నుంచే దించుకుని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే ముందు ఫైలు సరిగా దిగిందో లేదో తేల్చే చెక్‌సమ్‌ను సరిచూసుకోండి. ప్రస్తుత స్థిర విడుదల డెబియన్ 13, ‘ట్రిక్సీ’. ఇది 2025 ఆగస్టు 9న వచ్చింది. వైఫైకి కావలసిన ఫర్మ్‌వేర్ 2023లో వచ్చిన 12వ విడుదల నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది కనుక, దానికోసం మరో పెన్‌డ్రైవ్ వెతుక్కునే పాత బాధ చాలావరకు తప్పింది. సంతకం లేని వ్యవస్థలను బూట్ కానివ్వని ‘సెక్యూర్ బూట్’ రక్షణను కూడా 2019 నాటి 10వ విడుదల నుంచి డెబియన్ సమర్థిస్తోంది, ఆపవలసిన అవసరం సాధారణంగా రాదు.

ఇప్పుడు మీరు ఆగిన తెర. అక్కడ సి, డి అన్న అక్షరాలు కనిపించవు. డిస్క్‌లకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు, వాటి కింద పార్టిషన్ల వరుస సంఖ్యలు, పరిమాణాలు, ఫైల్ సిస్టమ్ రకాలు ఉంటాయి. వీటిలో ఒకటి మీ పెన్‌డ్రైవే కావచ్చు. పరిమాణాన్ని బట్టి గుర్తుపట్టేటప్పుడు చాలామంది తికమకపడతారు. విండోస్ 1024 లెక్కన, ఇన్‌స్టాలర్ 1000 లెక్కన కొలుస్తాయి. విండోస్‌లో 500 జీబీగా కనిపించిన డ్రైవ్ ఇక్కడ దాదాపు 537 జీబీగా కనిపిస్తుంది, మీరు వదిలిన 100 జీబీ 107 అవుతుంది. విండోస్ చూపిన అంకెలను ముందే రాసుకుని వాటిని 1.074తో హెచ్చవేస్తే ఏది ఏదో తేలిపోతుంది.

‘ఫ్రీ స్పేస్’ అన్న వరుసను ఎంచుకుని, అందులో మొదట 40 జీబీలతో ఒక పార్టిషన్ చేసి, ఫైల్ సిస్టమ్ రకం ‘ఎక్స్‌ట్4’గా, మౌంట్ పాయింట్ (ఆ పార్టిషన్ వ్యవస్థలో కనిపించే చోటు) ఒంటి ఏటవాలు గీత (/)గా పెట్టండి. దీన్నే ‘రూట్’ అంటారు, వ్యవస్థ అంతా ఉండేది ఇక్కడే. తరువాత, ర్యామ్ చాలనప్పుడు వాడుకునే ‘స్వాప్’కు 4 జీబీ, మీ సొంత ఫైళ్లుండే ‘హోమ్’కు మిగిలినదంతా ఇవ్వండి. హోమ్ వేరుగా ఉంటే, రేపు ఎప్పుడైనా రూట్‌ను చెరిపి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నా మీ ఫైళ్లు నిలుస్తాయి. యూఈఎఫ్ఐ యంత్రంలో కొన్ని వందల ఎంబీల ‘ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్’ ముందే ఉంటుంది. విండోస్ బూట్ ఫైళ్లు దానిలోనే ఉంటాయి, డెబియన్ కూడా తనవి అక్కడే పెట్టుకుంటుంది. దాన్ని వాడుకోనివ్వండి గాని ఫార్మాట్ చేయనివ్వకండి. విండోస్ ఫైల్ సిస్టమ్ ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ అని ఉన్న వేటినీ ముట్టుకోకండి.

చివరగా, ఏ పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో జాబితా చూపి ‘మార్పులను డిస్క్‌పై రాయమంటారా’ అని ఇన్‌స్టాలర్ అడుగుతుంది. అప్పటికే ‘వద్దు’ ఎంపికై ఉంటుంది. ఆ జాబితాలో మీరు కొత్తగా చేసిన మూడు తప్ప మరే పేరు ఉన్నా ‘వద్దు’ అనే చెప్పి వెనక్కి వెళ్లండి.

డెస్క్‌టాప్ ఎంపికలో, 4 జీబీ ర్యామ్‌కు ‘గ్నోమ్’ బదులు తేలికైన ‘ఎక్స్‌ఎఫ్‌సీఈ’ నప్పుతుంది. రూట్ అనే నిర్వాహక ఖాతా పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే మీ సొంత ఖాతాకే ‘సుడో’ అనే నిర్వాహక అధికారం వస్తుంది, ఇంటి కంప్యూటర్‌కు అదే సులువు. ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి: ఆ యంత్రం నెమ్మదికి ప్రధాన కారణం బహుశా తిరిగే హార్డ్‌డిస్కే. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి వేయిస్తే కలిగే తేడా ముందు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్పూ నిలవదు.

ప్రశ్న: డెబియన్ వేశాక మెనూలో విండోస్ కనిపించడం లేదు. బూట్ మెనూ కీ నొక్కి విండోస్‌లోకి వెళితే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంటోంది. రెండింటికీ ఒకటే కారణమా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కాదు. బూట్ మెనూ నుంచి విండోస్ తెరుచుకుంటోందంటే అది క్షేమంగానే ఉంది. ఇతర వ్యవస్థలను వెతికే ‘ఓఎస్ ప్రోబర్’ను, ఏ వ్యవస్థను తెరవాలో అడిగే మెనూ ప్రోగ్రామ్ ‘గ్రబ్’ ఇప్పుడు తనంతట తాను నడపడం లేదు. గ్రబ్ సెట్టింగుల ఫైలులో దానికి సంబంధించిన వరుస ముందున్న హాష్ గుర్తును తీసేసి, ‘అప్‌డేట్ గ్రబ్’ ఆదేశం ఇస్తే మెనూలో విండోస్ చేరుతుంది. అప్పటికీ రాకపోతే పై జవాబులో చెప్పిన యూఈఎఫ్ఐ, లెగసీ తేడాను అనుమానించాలి.

గడియారం సంగతి వేరు. మదర్‌బోర్డులోని గడియారంలో లైనక్స్ అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయమనుకుంటుంది. మన సమయానికి, దానికి తేడా ఐదున్నర గంటలు. ‘టైమ్‌డేట్ సీటీఎల్’ ద్వారా డెబియన్‌ను కూడా స్థానిక సమయమే ఉంచమని చెప్పవచ్చు. వేసవిలో గడియారాలు మార్చే దేశాల్లో దీనివల్ల చిక్కులొస్తాయి గాని, మన దగ్గర ఆ మార్పే లేదు కాబట్టి నిశ్చింతగా చేసుకోండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని. ఇన్‌స్టాలర్ సాయం లేకుండా ఆర్చ్ లైనక్స్‌ను ఆదేశాలతోనే వేయాలని ఉంది. నేరుగా ల్యాప్‌టాప్‌లో చేయవచ్చా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: చేయవచ్చు గాని, మొదట వర్చువల్ మెషీన్‌లో (మీ కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే మరో కంప్యూటర్‌లో), దాని సెట్టింగుల్లో ఈఎఫ్ఐని ఆన్ చేసి, చేయండి. ఆర్చ్‌లో 2021 నుంచి ‘ఆర్చ్ ఇన్‌స్టాల్’ అనే సహాయక ప్రోగ్రామ్ ఉన్నా, నేర్చుకోవడమే ఉద్దేశమైతే దాన్ని పక్కన పెట్టడం సబబే. పార్టిషన్లు చేసి మౌంట్ చేయడం, ‘ప్యాక్‌స్ట్రాప్’తో మూల ప్యాకేజీలు దించడం, ‘జెన్ ఎఫ్‌స్టాబ్’తో మౌంట్ పట్టిక రాయించడం, ‘ఆర్చ్ సీహెచ్‌రూట్’తో కొత్త వ్యవస్థలోకి దిగి బూట్‌లోడర్‌తో సహా మిగిలిన పనులు పూర్తిచేయడం దాని వరుస. కొత్తవారు ఎక్కువగా మరిచిపోయేది నెట్‌వర్క్ ప్యాకేజీ. పెన్‌డ్రైవ్‌లో ఇంటర్నెట్ పనిచేసింది కదా అని వదిలేస్తే, రీబూట్ తరువాత కొత్త వ్యవస్థకు నెట్ ఉండదు, దాన్ని దించుకునే దారీ ఉండదు. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మౌంట్ చేసి, లోపలికి దిగవలసిందే.

ప్రశ్న: మాది చిన్న డీటీపీ సెంటర్. పెళ్లి పత్రికలు, కరపత్రాలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేస్తాం. పూర్తిగా లైనక్స్‌కు మారితే తెలుగు పని సాగుతుందా? మా చేతులకు ‘ఆపిల్’ అనే తెలుగు కీబోర్డు అమరిక అలవాటు.
— ఒక డీటీపీ నిర్వాహకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పేజ్‌మేకర్ ఫైళ్లతోనే బతుకుతున్నంతకాలం ఆ పని చేసే కంప్యూటర్‌ను కదపవద్దు. అను అక్షరాలు యూనికోడ్ (అన్నిచోట్లా ఒకేలా చదవగల అక్షర సంకేత పద్ధతి) కావు కాబట్టి ఆ ఫాంట్ లేనిచోట పత్రిక అంతా అర్థంకాని గుర్తులుగా మారుతుంది. రెండో కంప్యూటర్ ఉంటే దానిలో లైనక్స్ వేసి, కొత్త పనులను యూనికోడ్‌లో మొదలుపెట్టి చూడండి.

కీబోర్డు గురించి బెంగ అక్కరలేదు. వివిధ భాషల్లో టైపు చేయడానికి తోడ్పడే ‘ఐబస్’తో పాటు ‘ఎం17ఎన్’ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అమరికలతో పాటు తెలుగు ఆపిల్ అమరిక కూడా దొరుకుతుంది. వేశాక ఒకసారి లాగౌట్ అయి రావాలి. ఫాంట్లలో పోతన, వేమన, లోహిత్ మాత్రమే కాక, సురవరం, మండలి, గిడుగు, తిమ్మన వంటివి ఒక్క ప్యాకేజీగా డెబియన్ భాండాగారంలోనే ఉన్నాయి. పేజీ అల్లికకు ‘స్క్రైబస్’ ఉంది. వత్తులు, గుణింతాలు సరిగా కూర్చే సామర్థ్యం దాని స్థిర విడుదలల్లోకి 1.6తో వచ్చింది, కాబట్టి అంతకంటే పాతది వాడి నిరాశపడవద్దు. పాత పత్రికల్లోని మాటలను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గాని, వత్తుల దగ్గర పొరపాట్లు దొర్లుతుంటాయి. మార్చిన ప్రతిని, ముఖ్యంగా ఇంటిపేర్లను, ప్రింటుకు ముందు పాత కాగితంతో పోల్చి చదవండి.