‘ఆత్మకథాత్మక నవల’లో రెండు ఆత్మలెందుకు?

సందేహం: ‘వేయిపడగలు’ మీద వ్యాసం రాస్తూ దాన్ని ‘ఆత్మకథాత్మక నవల’ అన్నాను. ఆత్మ రెండుసార్లు పడింది, పునరుక్తి అన్నారు మా మాస్టారు. పోనీ ‘విశ్వనాథ తన కథే రాసుకున్నారు’ అంటే సరిపోతుందా?

సమాధానం: పునరుక్తి కాదండీ, ఏ టెన్షనూ లేకుండా వాడుకోండి. చెవికి రెండు ఆత్మలు వినిపిస్తాయి గానీ దేని పని దానిదే. మొదటి ‘ఆత్మ’ అంటే తాను. ఆత్మకథ, తన కథ. చివరి ‘ఆత్మక’ అంటే అదే స్వభావంగా కలది. హింసాత్మకం, వర్ణనాత్మకం, ప్రయోగాత్మకం అంటున్నాం కదా, ఇదీ అంతే. అసలైన పునరుక్తి కావాలంటే ‘స్వీయ ఆత్మకథ’ను చూడండి. స్వీయ అన్నా, అక్కడి ఆత్మ అన్నా తనదనే, ఒకటి తీసేయాల్సిందే.

నాకు అభ్యంతరం మీ రెండో వాక్యంలోని ‘రాసుకున్నారు’ దగ్గర. క్రియకు ‘కొను’ చేరితే ఆ పని చేసినవాడి కోసమే అవుతుంది. వండాడు వేరు, వండుకున్నాడు వేరు. ఉత్తరం రాస్తాం, డైరీ రాసుకుంటాం. ‘తన కథే రాసుకున్నారు’ అనగానే వేయిపడగలు డైరీ అయిపోతుంది, అది నాకు మింగుడుపడదు.

విశ్వనాథ సత్యనారాయణ గారు 1934లో 29 రోజుల్లో ఆశువుగా చెప్పిన ఆ నవలలో ఆయన జీవితం లేదని కాదు, బోలెడంత ఉంది. తండ్రి శోభనాద్రి గారు దానధర్మాలతో ఆస్తి కరగబెట్టారు, నవలలో కథానాయకుడు ధర్మారావు తండ్రి రామేశ్వరశాస్త్రీ అంతే. విశ్వనాథ మొదటి భార్య వరలక్ష్మి గారు పోయారు, ధర్మారావు భార్య అరుంధతీ పోతుంది. ఇద్దరూ మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లే. అయితే ఒక్కటి గమనించండి. భార్య పోయిన దుఃఖం పద్యాల్లో చెప్పుకున్నప్పుడు ఆయన ‘వరలక్ష్మీ త్రిశతి’ అని ఆమె పేరే పెట్టుకున్నారు. అక్కడ ‘రాసుకున్నారు’ అనండి, నేనూ ఒప్పుకుంటాను. నవలలో మాత్రం రెండో భార్య కూడా అరుంధతే! మనిషి మారినా ఆ పేరు, ఆ దాంపత్యం నిలవాలన్నది ధర్మారావు పట్టుదల, చివరి పుటలో అతను ‘నువ్వు మిగిలావు’ అనేదీ ఈ రెండో అరుంధతితోనే. తన ఇంట్లో జరిగినదాన్ని నవలాకారుడు ఎక్కడికి తీసుకెళ్లాడో చూడండి, నాకు ఎన్నిసార్లు చదివినా అక్కడ గొంతు పట్టేస్తుంది. ఇక నవలలోని ఊరు సుబ్బన్నపేటలో కనిపించే గణాచారి, పసిరిక అనే పాత్రలంటారా, వాళ్లను ఏ జీవితచరిత్రలో వెతికినా దొరకరు.

కాబట్టి ‘ఆత్మకథాత్మక’ను ఉంచేయండి. తేలిక మాట కావాలంటే ‘తన జీవితంలోంచి తీసుకుని రాశారు’ అనండి. అందులో ‘కొను’ తీయడానికి పడింది, రాయడానికి కాదు.