కిందటి నైట్ డ్యూటీ గురించి అడగండి

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతున్నాను. నర్సింగ్‌లో చేరాలని ఉంది. మా వీధిలో ఉండే ఒక అత్తయ్య ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తూ, ఇప్పుడు హెడ్ నర్సుగా ఉన్నారు. ఆదివారం వచ్చి ఏమైనా అడగమన్నారు. "నర్సింగ్ మంచిదేనా అత్తయ్యా?" అంటే "మంచిదేనమ్మా, సేవ కదా" అని ఊరుకుంటారేమో! ఆమెను ఏమేమి అడగాలి? జీఎన్‌ఎం డిప్లొమాలో చేరాలా, బీఎస్సీ నర్సింగ్ డిగ్రీలో చేరాలా అన్నది కూడా తేల్చుకోలేకపోతున్నాను.
– ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా

జవాబు: అలా అడిగితే అలాగే చెబుతారు, సందేహం లేదు. చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేసి, ఆ తరువాత నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పిన నేను కూడా ఆ ప్రశ్నకు ఆ జవాబే చెబుతూ వచ్చాను. అభిప్రాయం అడిగితే ఎవరైనా నలుగురూ మెచ్చే మాటే చెబుతారు. జరిగినది అడిగితే జరిగినదే చెప్పవలసి వస్తుంది. కనుక "మీ కిందటి నైట్ డ్యూటీ ఎలా గడిచింది?" అన్న దానితో మొదలుపెట్టి, ఎనిమిదింటికి హ్యాండోవర్ తీసుకున్నప్పటి నుంచి మరునాటి పొద్దున ఎనిమిదింటికి అప్పగించే దాకా గంట గంటకూ చెప్పించుకోండి.

ఒకసారి మీ వయసు అమ్మాయే నన్ను "నిన్న రాత్రి అన్నం ఎన్నింటికి తిన్నారు మేడమ్?" అని అడిగింది. నవ్వు వచ్చింది గానీ, జవాబు చెప్పడం మొదలుపెడితే రాత్రంతా బయటికి వచ్చింది. పదకొండున్నరకు టిఫిన్ బాక్సు మూత తీస్తుండగా, చేనికి నీళ్లు పెట్టడానికి వెళ్లి పాము కాటుకు గురైన రైతును తీసుకువచ్చారు. అతని రక్తం రెండు మిల్లీలీటర్లు తీసి, పొడిగా ఉన్న శుభ్రమైన గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాను. ఆ తరువాత వంచి చూస్తే గడ్డకట్టి ఉండవలసిన రక్తం నీళ్లలా జారింది, అంటే విషం ఒంటికెక్కిందన్న మాట. డాక్టరు గారు విరుగుడు మందు పది వయల్స్ రాశారు. ఆ పొడి మందును కరిగించేటప్పుడు కుదిపితే నురగ వస్తుంది కాబట్టి, ఒక్కొక్క సీసానూ అరచేతుల మధ్య మెల్లగా తిప్పుతూ కరిగించి, సెలైన్‌లో కలిపి ఎక్కించడం మొదలుపెట్టాను. ఆ మందే కొందరికి పడక దద్దుర్లు, ఆయాసం వచ్చి బీపీ పడిపోవచ్చు గనుక, అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకుని మంచం పక్కనే నిలబడ్డాను. అదే సమయంలో వార్డు చివరి నుంచి "సిస్టర్, సెలైన్ అయిపోయింది" అన్న పిలుపు వినిపించింది. మళ్లీ బాక్సు దగ్గరికి వచ్చేసరికి నాలుగు కావస్తోంది, పెరుగన్నం పులిసిపోయింది. ఆ అమ్మాయి ఆ రోజు వేరే ప్రశ్న ఏదీ అడగలేదు. నోట్‌బుక్ మూసి "చేరతాను" అంది.

ఆ రాత్రి వార్డులో ఎంతమంది రోగులకు ఎంతమంది నర్సులు ఉన్నారో కూడా అడగండి. వెంటిలేటర్ మీద ఉన్న రోగికి ఒక్కరికే ఒక నర్సు ఉండాలన్నది నియమం. మామూలు వార్డులో లెక్క ఎలా ఉంటుందో ఆమె నోటనే వినండి. అలాగే "మీకు ఎప్పుడైనా సూది గుచ్చుకుందా, అప్పుడు ఎవరు ఏం చేశారు?" అని తప్పక అడగండి. వాడిన సూదికి మూత తిరిగి పెట్టకూడదని, హెపటైటిస్ బి టీకా మూడు డోసులు ముందే వేయించుకోవాలని, గుచ్చుకుంటే హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటలలోపు మొదలుపెట్టాలని పుస్తకం చెబుతుంది. అర్ధరాత్రి ఆ మందులు ఎవరి దగ్గర దొరుకుతాయో మాత్రం అక్కడ పనిచేసే వారికే తెలుస్తుంది.

జీతం విషయంలో కొంచెం మర్యాద పాటించాలి. ఆమె జీతం అడగకుండా, ఇప్పుడు కొత్తగా చేరేవారికి పర్మనెంట్ పోస్టులో ఎంత, కాంట్రాక్టులో ఎంత, ప్రైవేటులో ఎంత వస్తున్నదో అడగండి. ఆమె ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్లయింది. ఆమె వచ్చిన దారి మీకు అలాగే దొరుకుతుందనుకోవద్దు. అందుకే ప్రైవేటు ఆసుపత్రిలో రెండు మూడేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయి ఒకరిని పరిచయం చేయమని కూడా కోరండి. చేరేటప్పుడు బాండ్ రాయించుకున్నారా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకున్నారా అన్న సంగతులు ఆ అమ్మాయే చెప్పగలదు.

ఇక కోర్సు సంగతి. జీఎన్‌ఎం మూడేళ్ల డిప్లొమా, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ. జీఎన్‌ఎం చేసినవారు తరువాత డిగ్రీ కావాలనుకుంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయాలి, అంటే మొత్తం ఐదేళ్లు. నర్సుల ఉద్యోగాల కోసం ఎయిమ్స్ నిర్వహించే నార్‌సెట్ పరీక్షకు బీఎస్సీ వారు నేరుగా అర్హులు. జీఎన్‌ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం ఉండాలి. మీరు బైపీసీ చదువుతున్నారు కనుక, ఫీజు భారం కాకపోతే బీఎస్సీ వైపే నేను మొగ్గుతాను. ఏ కళాశాల అయినా దానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్నదా, విద్యార్థులను నిజంగా రోగులుండే ఆసుపత్రికి పంపుతారా అన్నవి చేరకముందే చూసుకోండి. మంచాలు ఉండి రోగులు లేని ఆసుపత్రిలో మీరు సెలైన్ ఎక్కించడానికి నరంలోకి క్యాన్యులా పెట్టడం నేర్చుకోలేరు.

ఒక చిన్న మాట: ఆమె నైట్ దిగి వచ్చిన రోజు వెళ్లకండి.

ప్రశ్న: మా అమ్మాయి నర్సింగ్ చదువుతానంటోంది. నైట్ డ్యూటీలంటే నాకూ, మా ఇంట్లో వాళ్లకూ భయంగా ఉంది. తెలిసిన సిస్టర్ ఒకరు ఉన్నారు. తండ్రిగా నేను వెళ్లి అడిగితే బాగుంటుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెళ్లండి, కానీ అమ్మాయి వెళ్లిన రోజున కాదు, మీరు పక్కన ఉంటే ఆమె తన ప్రశ్నలు మింగేస్తుంది. రోగి తాలూకు వాళ్లు మీదికి వచ్చినప్పుడు ఎవరు అడ్డుపడతారో, ఆసుపత్రిలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉన్నదో లేదో అడగండి; పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అది ఉండాలని 2013 చట్టం చెబుతున్నది. తల్లిదండ్రులందరూ నైట్ డ్యూటీ గురించే భయపడతారు. నైట్ చేసేవారు రాత్రి ఎనిమిదింటికల్లా వార్డులో ఉండి, తెల్లవారాకే బయటికి వస్తారు. కానీ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కిన వారు రాత్రి ఎనిమిదింటికి దిగి, హ్యాండోవర్ ఇచ్చి రోడ్డెక్కేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది. ఆ వేళ వాళ్లు ఇంటికి దేనిలో వెళ్తారో, ఆఖరి బస్సు ఎన్నింటికో ఆ సిస్టర్‌ను అడగండి.