టేకు దుంగల కార్డు ఏ కాలానిదో ఎలా తెలుస్తుంది?

బరంపురం తమ్ముడూ, రంగూన్ వెళ్లొచ్చిన మీ ముత్తాత పెట్టెలో ఏనుగులు టేకు దుంగలు పేరుస్తున్న బొమ్మ ఉన్న పోస్టుకార్డు దొరికింది, అది ఏ కాలానిదని అడిగావు. తేదీ లేదు, పైగా ప్లాస్టిక్ కవరుకి అతుక్కుంటోంది. ముందు కవరు సంగతి చూడు. అది పీవీసీ అనే రకం ప్లాస్టిక్ అయ్యుంటుంది, మన వానాకాలం తేమకి ఇంకా పాడు చేస్తుంది. కార్డుని లాగకుండా, కవరు అంచులు కత్తిరించి మెల్లగా విప్పు. తర్వాత పాలీప్రొపిలీన్ అనే వేరే రకం ప్లాస్టిక్ కవర్లో పెట్టు. లామినేషన్ జోలికి మాత్రం పోకు.

ఇక వయసు. వెనక మధ్యలో గీత గీసి, ఎడమ పక్క ఉత్తరానికి, కుడి పక్క చిరునామాకి జాగా ఇచ్చారా? ఆ పద్ధతి బ్రిటన్‌లో 1902లో, అమెరికాలో 1907లో వచ్చింది. స్టాంపు ఉంటే ఇంకా సులువు. ఇండియా స్టాంపు మీద రంగూన్ ముద్ర ఉందంటే దాదాపుగా 1937కి ముందుదే, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే బర్మాని ఇండియా నుంచి వేరు చేశారు. స్టాంపు మీద ఐదో జార్జి ఉంటే 1911కి ముందుది కాదు. అంతకు ముందు రాజు ఏడో ఎడ్వర్డ్ ఉంటే నీ పంట పండినట్టే! స్టాంపు పీకకు సుమా, ముద్రతో ఉంటేనే విలువ.

బొమ్మ కింద అహుజా అని చిన్నక్షరాలు ఉన్నాయేమో చూడు. రంగూన్‌లో పేరున్న ప్రచురణకర్త ఆయన. రంగులద్దిన ఆ కార్డులు చాలానే అచ్చయ్యాయి కాబట్టి ధర మీద మరీ ఆశ పెట్టుకోకు. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అచ్చు కార్డే, అసలు ఫొటో కాదు. వెనక వైపు ఫొటో కూడా పెట్టు, ముద్ర చదివి చెబుతాను.