యుకులేలే నట్‌లో గాడి అరిగినప్పుడు ఇంట్లోనే బాగుచేసుకోవడం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ యుకులేలేలో, ఆ నాలుగు తీగల చిన్న గిటార్‌లో, సి తీగను ఎక్కడా నొక్కకుండా మీటినప్పుడు మాత్రమే జిర్రుమంటోందని, మొదటి మెట్టు దగ్గర వేలు ఉంచగానే ఆ శబ్దం పోతోందని రాశావు. లోపం ఎక్కడుందో ఆ వాక్యంలోనే దాదాపుగా తేలిపోయింది. మెట్ల మీద నొక్కినప్పుడు కూడా జిర్రు వస్తూ ఉంటే మెట్ల ఎత్తుపల్లాలనో, మరీ తగ్గిపోయిన శాడిల్‌నో (పొట్ట మీద తీగలు ఆనే పట్టీ), వంగిన మెడనో అనుమానించవలసి వచ్చేది. నీ విషయంలో తప్పు నట్‌లోని, అంటే మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీలోని, గాడిది. శ్రుతి చేసిన ప్రతిసారీ తీగ ఆ గాడిలో ముందుకూ వెనక్కూ జారుతూ దాన్ని కొద్దికొద్దిగా కోస్తుంది. మెత్తటి ప్లాస్టిక్ నట్ అయితే ఎముక నట్ కన్నా త్వరగా లోతైపోతుంది.

అయినా పనిముట్టు పట్టుకునే ముందు రెండు పరీక్షలు తప్పక చెయ్యి. తీగను రెండవ, మూడవ మెట్ల మధ్య నొక్కి పట్టి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య వెలుతురు కనిపిస్తుందేమో చూడు. మామూలు రాతకాగితం మందమంత, అంటే ఇంచుమించు 0.1 మిల్లీమీటరు సందు ఉంటే గాడి సరిగానే ఉన్నట్టు. తీగ ఆ మెట్టును తాకుతూ ఉంటే గాడి లోతెక్కినట్టు. ఆ తరువాత తీగను వదులు చేసి, చిన్న కాగితపు ముక్కను గాడిలో తీగ కింద ఉంచి, మళ్లీ శ్రుతి చేసి మీటు. జిర్రు ఆగిపోతే ఇక సందేహం అక్కరలేదు, పైగా గాడిని ఎంత ఎత్తు పెంచాలో కూడా ఆ కాగితం మందాన్ని బట్టే అంచనా వేసుకోవచ్చు.

గాడిని పూడ్చడానికి వంట సోడా, నీళ్లలా పల్చగా ఉండే సూపర్ గ్లూ చాలు. తీగను గాడిలోంచి పక్కకు తీసి, లోపలి జిడ్డు, దుమ్ము తుడిచి, నట్‌కు రెండు వైపులా, ముఖ్యంగా మెట్లుండే ఫింగర్ బోర్డు మీద, మాస్కింగ్ టేపు గట్టిగా అంటించు. ఈ టేపు దగ్గర బద్ధకించవద్దు. నేను మొదటిసారి ఆ జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల గ్లూ ఫింగర్ బోర్డు మీదికి పారి, ఆ మరకను గీకి తీయడానికి అసలు మరమ్మతు కన్నా ఎక్కువ సమయం పట్టింది. పుల్లతో సోడాను గాడిలో అదిమి, గ్లూను సీసాతో నేరుగా పోయకుండా మరో పుల్ల మొనతో ఒక్క చుక్క తాకించు. సోడా తగలగానే గ్లూ వేడెక్కి, ఘాటైన ఆవిరి వదులుతూ క్షణాల్లో గట్టిపడుతుంది కనుక కిటికీ తెరిచి ఉంచు, ముఖం దానిపైకి వంచవద్దు. ఒకేసారి మందంగా నింపితే గ్లూ అడుగుదాకా దిగక లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. అందుకే రెండు మూడు పల్చటి పొరలుగా, గాడి పూర్తిగా నిండేదాకా వెయ్యి.

పూడ్చడం నిమిషాల పని. అసలైన ఓపిక కొత్త గాడిని కోయడంలో కావాలి. యుకులేలే తీగల మందం సాధారణంగా 0.6 నుంచి 1 మిల్లీమీటరు దాకా ఉంటుంది, వాటిలో సి తీగ లావుగా ఉంటుంది. కొత్త గాడి వెడల్పు ఆ తీగ కన్నా రవ్వంత మాత్రమే ఎక్కువ ఉండాలి. ఇరుకైతే తీగ పట్టేసుకుని, శ్రుతి చేసేటప్పుడు టిక్కుమంటూ ఒక్కసారిగా జారుతుంది. మరీ వెడల్పైతే మీటినప్పుడు పక్కలకు కదులుతుంది. సన్నటి గుండ్రని ఆకురాయి లేకపోతే, తగిన మందం ఉన్న పాత గిటార్ తీగను, అంటే చుట్టూ లోహపు తీగ చుట్టి ఉండేదాన్ని, రంపంలా ముందుకూ వెనక్కూ లాగినా పని జరుగుతుంది.

కోసేటప్పుడు గాడి అడుగు తీగలు బిగించే బిరడాల వైపు కొంచెం వాలుగా దిగాలి, ఎందుకంటే తీగ నట్‌ను చివరిగా వదిలే చోటు కచ్చితంగా ఫింగర్ బోర్డు వైపు అంచే కావాలి. అడుగు చదునుగానో, ఎదురు వాలుగానో ఉంటే తీగ ఆ అంచును తాకీ తాకకుండా కంపించి తంబురాలా ఝంకరిస్తుంది. తంబురాకు అది అందం కానీ, ఈ వాద్యానికి అది లోపమే.

రెండు మూడు గీతలు గీసిన ప్రతిసారీ తీగను పెట్టి, పూర్తిగా శ్రుతి చేసి, మొదట చెప్పిన వెలుతురు పరీక్ష మళ్లీ చెయ్యి. విసుగనిపించినా ఇది మానవద్దు. సోప్రానో యుకులేలేలో నట్‌కూ శాడిల్‌కూ మధ్య దూరం ఇంచుమించు 35 సెంటీమీటర్లే కనుక, గాడి కొంచెం ఎత్తుగా మిగిలినా మొదటి మెట్టు మీద నొక్కినప్పుడు తీగ అదనంగా సాగి స్వరం హెచ్చుతుంది. సందు కావలసినదాని కన్నా రవ్వంత ఎక్కువ ఉన్నప్పుడే ఆపెయ్యి, ఎందుకంటే కొత్త గాడిలో తీగ కుదురుకునేటప్పుడు మరికాస్త దిగుతుంది. చివరగా మెత్తటి గరుకు కాగితాన్ని మడిచి గాడిని నునుపు చేసి, పెన్సిల్ ముక్కు పొడి కొంచెం పూయి.

నాలుగు గాడులూ ఒకేలా అరిగి ఉంటే పూడ్చే పని పెట్టుకోక, నట్‌నే తీసి దాని కింద పల్చటి చెక్క పొర ఉంచడం నాకు మేలనిపిస్తుంది. నట్ చుట్టూ ఉన్న వార్నిష్‌ను ముందుగా బ్లేడుతో గీసి, ఫింగర్ బోర్డు వైపు నుంచి చిన్న చెక్కముక్క ఆనించి మెల్లగా తట్టితే చాలావాటిలో ఊడి వస్తుంది. తిరిగి అంటించడానికి చెక్క గ్లూ ఒక్క చుక్క చాలు; సూపర్ గ్లూ వాడితే మరోసారి తీయవలసి వచ్చినప్పుడు మెడ చెక్క పెచ్చులూడుతుంది. నట్ పగిలి ఉంటే మాత్రం ఈ తంటాలేవీ పడవద్దు, కొత్తది వేసుకో.

రేపు శ్రుతి చేసి ఒక రోజు వాయించాక, మొదటి మెట్టు పైన సందు ఎంత మిగిలిందో నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న