తడి మైదానానికి వెళ్లేముందు

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

శనివారం లాక్రాస్ ఆటలో (కర్ర చివర వలతో బంతిని పట్టి విసిరే ఆ ఆటలో) మొదటి పదిమందిలోనే నిన్ను దించుతున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంబరం దాగలేదు. ఆ వెంటనే, "వారం నుంచి ఒకటే వానట, టర్ఫ్ కాదట, పచ్చిక మైదానమట, నువ్వైనా చెప్పరా వాడికి" అని కంగారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటుంది మీ అమ్మమ్మ. ఏప్రిల్ మొదట్లో, అప్‌స్టేట్ న్యూయార్క్‌లో, మంచు కరిగిన నేల మీద లాక్రాస్ ఆడేవాడికి ఆ సామెత పనికిరాదు. తొక్కాల్సిందే. ఎలా తొక్కాలో చెబుతాను.

సంచిలో రెండో జత గ్లవ్స్, మూడు జతల సాక్సులు, హాఫ్‌టైమ్‌కి పొడి బనియన్, తువ్వాలు పెట్టుకో. అన్నీ జిప్ కవర్లలోనే. ఉరుము వినపడితే లోపలికి నడు, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా బయటికి రావద్దు. దీని మీద చర్చ లేదు.

ఇక నీ పాత తప్పు సంగతి. పోయిన అక్టోబరులో వానలో ఆడిన ఆట వీడియో పంపావు కదా. రెండో క్వార్టర్ నుంచి నువ్విచ్చిన ప్రతి పాసూ అవతలివాడి బూట్ల దగ్గర పడింది. నువ్వేం చేశావు? బెంచి దగ్గరికొచ్చి షూటింగ్ స్ట్రింగ్స్, అదే వల పైభాగంలో అడ్డంగా ఉండే తాళ్లు, బిగించావు. తర్వాత పాసులు ఇంకా ముందే నేలకు కొట్టుకున్నాయి. మళ్లీ బిగించావు. ఒరే, రోగానికి మందనుకుని రోగాన్నే మళ్లీ మింగావు!

నీ స్టిక్ తలకున్న వల మెత్తటి మెష్. నీళ్లు పీల్చి సాగుతుంది, బంతి కూర్చునే పాకెట్ కిందికి జారుతుంది. బంతి లోతుగా కూర్చుంటుంది, విసిరినప్పుడు ఆలస్యంగా వదులుతుంది. అప్పటికే స్టిక్ తల కిందికి తిరిగిపోయి ఉంటుంది కాబట్టి బంతి నేలకేసి పోతుంది. పైన స్ట్రింగ్స్ బిగిస్తే బంతి దారిలో గోడ కట్టినట్టే, అది ఇంకా పట్టుకుని ఇంకా ఆలస్యంగా వదులుతుంది. పట్టు తగ్గాలంటే చేయాల్సింది సరిగ్గా తిరగేసి: పైవి కాస్త వదులు చెయ్యి, కింద, తల కర్రను కలిసే గొంతు దగ్గరుండే బాటమ్ స్ట్రింగ్ బిగించు. అర అంగుళం లాగితే చాలు, పాకెట్ పైకి లేస్తుంది.

ఇదంతా ఆట మధ్యలో, వణికే వేళ్లతో, తడి ముడి విప్పుతూ చేసే పని కాదు. శుక్రవారం సాయంత్రమే స్టిక్ తలను కుళాయి కింద పట్టుకుని మెష్ బాగా నానేదాకా తడుపు. తడిగా ఉండగానే గోడకేసి ఓ యాభై సార్లు విసురు, తడిలోనే సరిచెయ్యి. పొడిగా ఉన్నప్పుడు పాకెట్ లోతు కొంచెం తక్కువగా అనిపించినా ఫరవాలేదు, వానలో అదే సరిపోతుంది. వీలుంటే మైనం పట్టించిన మెష్‌తో రెండో స్టిక్ కట్టుకో. అది నీళ్లు తక్కువ పీలుస్తుంది.

క్వార్టర్ క్వార్టర్‌కీ ఒక పరీక్ష చెయ్యి. బంతి పాకెట్లో వేసి స్టిక్‌ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని పక్కనుంచి చూడు. బంతి పై అంచుకీ సైడ్‌వాల్ (తల పక్క గోడ) కింది అంచుకీ మధ్య వెలుతురు కనిపిస్తే అది చెల్లని స్టిక్. వానకి సాగిందని రెఫరీ జాలిపడడు, పెనాల్టీ నీ జట్టుకే పడుతుంది.

ఈ తిప్పలు నీతో మొదలైనవి కావులే. 1970 ప్రాంతంలో ప్లాస్టిక్ తలలు రాకముందు స్టిక్కులు దాదాపు అన్నీ హికరీ అనే గట్టి చెట్టు కర్రవే, పాకెట్‌కి తోలు పట్టీలూ జంతువుల పేగు తాళ్లూ ఉండేవి. తడిస్తే అవీ సాగేవి. నువ్వు చదువుకునే ఊరికి దగ్గర్లోనే ఒనండాగా తెగవాళ్లు, అమెరికా మూలవాసులు, ఇప్పటికీ అలాంటి కర్ర స్టిక్కులు చేస్తారు. ఎప్పుడైనా ఒకటి చేతిలోకి తీసుకుని చూడు.

మైదానానికి 40 నిమిషాలు ముందే వెళ్లి మడమతో నొక్కుతూ నడువు. మూడు చోట్ల ముందుగా అడుసవుతుంది: ఆట మొదలుపెట్టే ఫేస్‌ఆఫ్ జరిగే నడిమధ్య, గోల్ చుట్టూ గీసిన వలయం (క్రీజ్) ముందు అంచు, మనుషులు మారే బెంచీల ముందు పట్టీ. నీకు కావలసింది బెంచీలకు ఎదురుగా ఉన్న సైడ్‌లైన్. అటు ఎవరూ తొక్కరు, నేల గట్టిగా ఉంటుంది, బంతిని పైకి తెచ్చేటప్పుడు అటే పరిగెత్తు. తడి పచ్చిక మీద బౌన్స్ షాట్ (నేలకు తగిలి వెళ్లేది) కిందగా జారిపోతుంది, గోల్‌కీపర్‌కి కష్టం. అదే షాట్ క్రీజ్ ముందు బురదలో పడితే ముద్దలా ఆగిపోతుంది. చూసి కొట్టు.

బురదలో ఆగిన గ్రౌండ్ బాల్‌ని ఒంటిచేత్తో తీయకు. రెండు చేతులూ, కింది చెయ్యి దాదాపు గడ్డికి తగిలేంత కిందికి. కర్ర నిటారుగా పెడితే తల అడుసులో గుచ్చుకుంటుంది, నువ్వు ముందుకు పడతావు. చుట్టూ నలుగురుంటే వంగొద్దు, కాలితో తన్ని గట్టి నేల మీదికి పంపు, అక్కడ తీసుకో.

నా భయమంతా నీ మోకాలి గురించిరా. పాదం బురదలో దిగబడి ఉండగా ఒళ్లు తిరిగితే మెలి పడేది మోకాలే. నీకిష్టమైన, గిర్రున తిరిగి తప్పించుకునే ఆ రోల్ డాడ్జ్ శనివారానికి పక్కన పెట్టు. అడుగులు చిన్నవిగా, వేగంగా వెయ్యి, దిశ మార్చాలంటే రెండు మూడడుగుల్లో మార్చు. బూటు అడుగున పొడుచుకొచ్చే క్లీట్స్ మధ్య మట్టి నిండితే అది నున్నటి చెప్పుతో సమానం. ముందే అడుగున వంటనూనె స్ప్రే కొట్టు, మట్టి తొందరగా అంటుకోదు. బెంచీకి వచ్చినప్పుడల్లా గట్టి బ్రష్‌తో గీకేయి. నవ్వేవాళ్లు నవ్వనీ.

చిన్నప్పుడు వాన పడితే వరండా చివర నిలబడి చెయ్యి చాపి, తడిసిన అరచేతిని చొక్కాకి తుడుచుకునేవాడివి. బురదలో కాలు పెట్టమంటే ఏడ్చేవాడివి. ఇప్పుడు చూడు.

ఆటయ్యాక స్టిక్ కడిగి, బంతి లోపల ఉంచకుండా, నీడలో వేలాడదీయి. ఎండలో కారు లోపల వదిలితే తల వంకర పోతుంది. బూట్లలో పాత పేపర్లు కుక్కు, రెండు గంటలకోసారి మార్చు. అమ్మకి ఫోటో పంపే ముందు ముఖం కడుక్కో.

మామయ్య