11 నెలల అగ్రిమెంట్, నాలుగో నెలలోనే బదిలీ

ప్రశ్న: మేం నిజాంపేటలో జనవరి 1 నుంచి అద్దెకు ఉంటున్నాం. అద్దె 18 వేలు, అడ్వాన్స్ 36 వేలు. స్టాంపు పేపరు మీద 11 నెలలకు అగ్రిమెంట్ రాసుకున్నాం. మావారికి ఉన్నట్టుండి విశాఖ బదిలీ అయింది, ఆయన ఇప్పటికే వెళ్లిపోయారు. బాబును జూన్‌లో అక్కడి స్కూల్లో చేర్పించాలి కాబట్టి మే నెలాఖరుకి ఖాళీ చేద్దామనుకుంటున్నాం. పై పోర్షన్‌లో ఉండే ఓనర్ ఆంటీతో మెట్ల మీద మాటవరసకి అంటే, "11 నెలలని సంతకం పెట్టి ఇప్పుడు పోతామంటే ఎలా? ఇంక అడ్వాన్స్ మర్చిపోండి" అనేశారు. అప్పటినుంచి ఎదురుపడితే మొహం తిప్పేసుకుంటున్నారు. పక్కింటాయనేమో 15 రోజుల నోటీసిస్తే చాలు, చట్టం ఉంది అంటున్నారు. టెన్షన్‌గా ఉందండీ, ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ 15 రోజుల సంగతి. పక్కింటాయన చెప్పింది సగం నిజం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్‌లో ఆ మాట ఉంది, కానీ అది నెలనెలా నడిచే అద్దెకు, అది కూడా ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు. మీరు 11 నెలలకని రాసుకున్నారు కదా, కాబట్టి ఆ సెక్షన్ పట్టుకుని ఆంటీ మీదికి వెళ్తే పని కాదు, ఉన్న కాస్త మాటా పోతుంది.

ఇప్పుడు వెళ్లి బీరువాలోంచి అగ్రిమెంట్ తీసి చదవండి. నవ్వకండి, చాలామంది సంతకం పెట్టిన రోజు కూడా చదవరు. ఈ అగ్రిమెంట్లు ఎక్కువగా డీటీపీ సెంటర్లో ఎవరిదో పాత ఫైలు తెరిచి పేర్లూ అద్దే మార్చి ప్రింటు తీసినవే, అందుకే అందులో ఏముందో ఓనర్లకూ తెలియదు. 11 అన్న అంకె కూడా అలా వచ్చిందే. 1908 రిజిస్ట్రేషన్ చట్టంలో మొదట ఏడాది దాటిన అద్దెలకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి (మన దగ్గర 1999 సవరణతో అది మారింది), ఆ ఖర్చు ఎందుకని ఒక నెల తగ్గించి రాయడం అప్పటినుంచీ అలవాటు, అంతేగానీ మీరు అన్ని నెలలూ కదలకూడదని లెక్కేసి కాదు. మీరు చూడాల్సింది రెండే: నోటీసు అన్న మాట ఎక్కడైనా ఉందా, లాక్ ఇన్ (ఇన్ని నెలల దాకా ఖాళీ చేయకూడదన్న షరతు) అన్న మాట ఉందా. "ఎవరు కావాలన్నా నెల ముందు చెప్పి ఖాళీ చేయవచ్చు" అన్నట్టు ఒక వాక్యం ఉండి, లాక్ ఇన్ లేకపోతే మీ సమస్య తొంభై పాళ్లు తీరినట్టే, ఎందుకంటే దాని కింద ఆంటీ సంతకం కూడా ఉంది.

అలాంటి వాక్యం లేదనుకుందాం. అప్పుడు మీరు అడగాలి, ఆవిడ ఒప్పుకోవాలి. ఇద్దరూ సరేననుకుంటే అగ్రిమెంట్‌లో ఎన్ని నెలలున్నా అద్దె ఒప్పందం ఆ రోజుతో ముగుస్తుంది, చట్టంలోనే ఉంది. ఒప్పుకోకపోతే మాత్రం అడ్వాన్స్ మొత్తం మింగేయొచ్చా అంటే అదీ కాదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆవిడకు న్యాయంగా దక్కేది మీరు వెళ్లడం వల్ల జరిగిన నష్టానికి తగినంతే, ఆ నష్టం తగ్గించుకునే ప్రయత్నం ఆవిడా చేయాలి. జూన్ 1న కొత్తవాళ్లు దిగితే, వాళ్ల దగ్గర అద్దె తీసుకుంటూ మీ అడ్వాన్స్‌లోంచి అదే నెల అద్దె పట్టుకోవడం కుదరదు. కాకపోతే 36 వేల కోసం కోర్టుల చుట్టూ తిరిగేవాళ్లెవరు? డబ్బు ఆవిడ చేతిలో ఉంది, బలం కూడా అక్కడే ఉంది.

అందుకే ఆంటీకి ఎక్కడ నొప్పో చూడండి. ఒకటి, ఇల్లు ఖాళీగా పడి ఉంటుందన్న భయం. రెండోది ఎవరూ పైకి చెప్పరు, నేను చెబుతాను: మీరిచ్చిన 36 వేలు ఆవిడ దగ్గర ఇప్పుడు ఉండకపోవచ్చు. చాలా ఇళ్లలో పాతవాళ్ల అడ్వాన్స్ తిరిగిచ్చేది కొత్తవాళ్ల అడ్వాన్స్‌తోనే. మీరు ఉన్నట్టుండి పోతామంటే ఆవిడ ఆ డబ్బు ఎక్కడినుంచి తేవాలి? కోపం అలా వచ్చి ఉంటుంది.

మీ అదృష్టం, కాలం మీ వైపే ఉంది. స్కూళ్లు తెరిచేముందు ఇళ్ల కోసం తిరిగేవాళ్లు ఎక్కువ. అదే ఆషాఢం వచ్చిందంటే కొత్తింట్లో పాలు పొంగించేవాళ్లు దొరకరు, శ్రావణం దాకా టులెట్ బోర్డు ఎండకు వెలిసిపోవాల్సిందే. ఈ మాట ఆవిడకు చెప్పండి, నాకంటే ఆవిడకే బాగా తెలుసు. "ఇప్పుడే బోర్డు పెట్టండి ఆంటీ, ఎవరొచ్చినా ఇల్లు నేను చూపిస్తాను, మా వాళ్లలో ఎవరైనా ఉంటే తీసుకొస్తాను" అనండి. అడ్వాన్స్ విషయంలో మే నెల అద్దె అందులో సర్దుకోమనండి, అప్పుడు ఆవిడ మీకు చేత్తో ఇవ్వాల్సింది 18 వేలే. కానీ ఆవిడ ఊ అనకముందే అద్దె ఎగ్గొట్టకండి, అలా మొదలైన గొడవలు గేటుకు తాళం వేసేదాకా వెళ్లడం చూశాను.

మెట్ల మీద, మోటారు వేసే హడావుడిలో మాత్రం మళ్లీ ఎత్తకండి. ఆదివారం మీవారు వచ్చినప్పుడు ఇద్దరూ వెళ్లి కూర్చుని మాట్లాడండి. ఆ రాత్రే వాట్సాప్‌లో ఇలా పెట్టండి: "ఆంటీ, ఈరోజు మాట్లాడుకున్నట్టు మే 31కి ఇల్లు ఖాళీ చేస్తాం. మే అద్దె అడ్వాన్స్‌లో సర్దుకోండి, మిగతా 18 వేలు తాళాలిచ్చే రోజు ఇస్తామన్నారు. ఇందులో ఏదైనా తేడా ఉంటే చెప్పండి." ఆవిడ సరే అని ఒక ముక్క పెట్టినా అది రేపు మీకు కాగితమే.

పెయింటింగ్ పేరుతో కోత అడగవచ్చు. ఐదు నెలలకే మొత్తం రంగులంటే ఒప్పుకోకండి, మేకులు కొట్టిన చోట్లు మాత్రం మీరే పూడ్పించండి. వెళ్లే రోజు కరెంటు మీటర్ రీడింగ్ ఫొటో, గదిగదికీ వీడియో తీసుకోండి. తాళాలు వాచ్‌మన్ చేతికి కాదు, ఆంటీ చేతికే ఇవ్వండి.

ప్రశ్న: మూడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. అగ్రిమెంట్ మొదటి 11 నెలలకే రాశారు, తర్వాత ఏ కాగితమూ లేదు. ఓనర్ అమెరికాలో, అద్దె వాళ్ల బావమరిది వసూలు చేస్తారు. వచ్చే నెల ఖాళీ చేస్తామంటే మూడు నెలల అద్దె కట్టి పొమ్మంటున్నారాయన.
– విజయవాడ పాఠకుడు

జవాబు: పై జవాబులో ఆ పాఠకురాలికి కుదరదన్న 15 రోజుల నోటీసు మీకు మాత్రం కుదురుతుంది. గడువు అయ్యాక కూడా వాళ్లు అద్దె తీసుకుంటూనే ఉన్నారు కాబట్టి మామూలుగా మీది ఇప్పుడు నెలనెలా నడిచే అద్దె. పాత కాగితంలో నోటీసు ఎక్కువని ఉంటే దానికి తగ్గట్టు చూసుకోండి. మూడు నెలలని అందులో రాసి ఉంటే చూపించమనండి. బావమరిదితో వాదన పెట్టుకోకుండా నెల ముందే ఓనర్‌కు నేరుగా మెయిల్ పెట్టి, ఒక కాపీ ఈయనకు స్పీడ్ పోస్టులో పంపండి, రసీదు దాచుకోండి.